ఆకాశరామన్న ఉత్తరాలు కావివి

మనలో ఏ ఆఫీసులో పనిచేసినవారైనా, సర్వీసు మొత్తంలో ఒక్క ఆకాశరామన్న ఉత్తరమైనా చూడకుండా రిటైరై ఉండరు. ఫలానా గుమాస్తా చేయి తడిపితే గాని ఫైలు కదల్చడనో, ఫలానా మేస్త్రి సిమెంటు మూటలు ఇంటికి తోలించుకున్నాడనో, పేరూ ఊరూ లేకుండా, ఎడమ చేత్తో రాసినట్టుండే అక్షరాలతో పై అధికారికి చేరేవి. నేను ఇప్పుడు చెప్పబోయే ఉత్తరాలు నిజంగా ఆకాశానికి సంబంధించినవే. విమానాలు నడిపేవారు, మరమ్మతు చేసేవారు, సొంతానికి విమానం ఉన్నవారు రాసినవి. కాకపోతే వాటిలో చాలావరకు ఎదుటివాడి తప్పు ఉండదు, రాసినవాడి తప్పే ఉంటుంది. పైగా పేరు, చిరునామా, ఫోను నంబరు అన్నీ ఉంటాయి. ఎవరూ అడగకుండా తన తప్పు తానే రాసి పంపే మనిషి ఉంటాడా అని మీరు అనవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను.

ప్రత్యేక సంచికకు ఎవరి శాఖ ముచ్చట్లు వారు రాయాలని మన సంఘం పెద్దలు కోరారు. ఉపాధ్యాయులు, ఆర్టీసీ, రెవెన్యూ, కరెంటు, రైల్వే మిత్రులతో నిండిన ఈ సంఘంలో విమానాల పని చేసి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. బెంగళూరు షెడ్లలో ముప్పై ఏడేళ్లు చేతులకు గ్రీజు పూసుకొని నల్లమాడకు తిరిగి వచ్చాను. వచ్చినప్పటి నుంచి "అంత బరువు గాల్లోకి ఎట్ల లేస్తుందప్పా?" అని అడిగినవారే గాని, లేచినది క్షేమంగా దిగడం ఎప్పటి నుంచి, ఎట్లా అలవాటైందని అడిగినవారు లేరు. అడగని ప్రశ్నకే జవాబు రాస్తున్నాను.

1990 నవంబరు 24న పుట్టపర్తి విమానాశ్రయం మొదలైన తర్వాత మన పల్లెల్లో పిల్లలకు విమానం వింత కాకుండా పోయింది. అది ట్రస్టువారు కట్టుకున్న ప్రైవేటు విమానాశ్రయం. పెద్ద విమానాలు కొన్నాళ్లు వచ్చాయి, కొన్నాళ్లు మానేశాయి గాని, ఉత్సవాలప్పుడు చిన్న విమానాలు, హెలికాప్టర్లు దిగుతూనే ఉంటాయి. చక్రాలు లోపలికి ముడుచుకొనే విమానం ఏదైనా దిగినప్పుడు లోపలికి తొంగిచూసే అవకాశం వస్తే ఒక సంగతి గమనించండి. చక్రాలను దించే పిడి కొసన చిన్న చక్రం ఆకారం ఉంటుంది. రెక్కల వెనక అంచులు దించే పిడి, అంటే ఫ్లాపుల పిడి, చదునుగా రెక్కముక్క ఆకారంలో ఉంటుంది. కళ్లు మూసుకొని తడిమినా ఏది ఏదో చేతికి తెలుస్తుంది.

ఈ చిన్న ఏర్పాటు వెనక పెద్ద కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్లు కొన్ని, క్షేమంగా దిగిన తర్వాత రన్‌వే మీద పొట్ట ఆనించి కూలబడేవి. ఫ్లాపులు ముడవబోయి పైలట్లు చక్రాలు ముడిచేసేవారు. "పైలటు పొరపాటు" అని రాసి ఫైలు మూసేవారు. 1943లో ఆల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ రెండు పిడులూ పక్కపక్కనే, ఒకే పోలికతో ఉన్నాయని గుర్తించి, ఒకదానికి రబ్బరు చక్రం, మరొకదానికి చీలముక్క తగిలించాడు. తర్వాత 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే ఇద్దరు పైలట్ల నుంచి ఇలాంటి పొరపాట్లు 460 సేకరించి అచ్చువేశారు. వారు అడిగిన తీరు నాకు చాలా నచ్చింది. మీటనో స్విచ్చినో మీరు గాని, మీ కళ్లముందు ఇంకొకరు గాని తప్పుగా వాడిన సందర్భం ఉంటే వివరంగా చెప్పండి అన్నారు, అంతే. సంజాయిషీ అడగలేదు. అందుకే 460 వచ్చాయి. మెమో ఇచ్చి అడిగి ఉంటే నాలుగు కూడా వచ్చేవి కావు.

ఇక అసలు సంఘటన. 1974 డిసెంబరు 1, ఆదివారం. అమెరికాలో టీ.డబ్ల్యూ.ఏ. కంపెనీవారి 514 నంబరు విమానం, బోయింగ్ 727, వాషింగ్టన్ నగరానికి వస్తోంది. ఈదురుగాలి వల్ల నగరంలోని విమానాశ్రయంలో దిగడం కుదరక డల్లస్ విమానాశ్రయానికి మళ్లించారు. కింద నుంచి కంట్రోలరు దిగే బాటలోకి రావడానికి అనుమతి ఇచ్చాడు. ఆ మాటకు కంట్రోలరు మనసులో ఉన్న అర్థం ఒకటి, పైలట్లు తీసుకున్న అర్థం ఇంకొకటి. అనుమతి వచ్చిందంటే మ్యాపు మీద ఉన్న 1,800 అడుగులకు దిగవచ్చని పైలట్లు అనుకున్నారు. మధ్యలో కొండ ఉంది. మబ్బుల్లో కనిపించలేదు. వర్జీనియాలోని మౌంట్ వెదర్ అనే ఆ కొండకు, శిఖరానికి కాస్త దిగువన విమానం తగిలింది. 92 మంది, ఒక్కరు కూడా మిగల్లేదు.

ఘోరం అక్కడితో ఆగలేదు. దర్యాప్తులో మరో సంగతి బయటపడింది. దానికి ఆరు వారాల ముందే యునైటెడ్ కంపెనీవారి విమానం ఒకటి అదే బాటలో, అదే మాటకు అదే అర్థం తీసుకొని, అదే కొండ మీదుగా వెంట్రుకవాసిలో తప్పించుకొని వచ్చింది. ఆ పైలట్లు బుద్ధిమంతులు. తమ కంపెనీకి జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆ కంపెనీలో అలా చెప్పేవారి కోసం అదే ఏడాది ఒక ఏర్పాటు మొదలైంది. కంపెనీ వెంటనే తన పైలట్లందరికీ హెచ్చరిక పంపింది. తన పైలట్లకు మాత్రమే! పక్క కంపెనీ పైలట్లకు ఆ కాగితం చేరే దారి లేదు.

నేను ఈ ఆరు వారాల సంగతి చదివిన రోజు భోజనం సహించలేదు. ప్రమాదానికి కారణం తెలియకపోవడం ఒక దురదృష్టం. తెలిసినవాడు ఉండి, చెప్పినవాడు ఉండి, ఆ మాట పక్కింటికి దాటకపోవడం వేరే సంగతి.

అమెరికాలో పౌర విమానయానాన్ని నియంత్రించే సంస్థ ఎఫ్.ఏ.ఏ. లైసెన్సులు ఇచ్చేదీ, రద్దు చేసేదీ అదే. 1975 మేలో ఆ సంస్థ, ప్రమాదం కాబోయి తప్పిన సంఘటనలు ఎవరికి వారు రాసి పంపండి, రాసినవారి మీద చర్య తీసుకోము అని ప్రకటించింది. మంచి మాటే. కాని పైలట్లు, మెకానిక్కులు జంకారు. జంకరా మరి? కర్ర ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో "రా నాయనా, ఏం తప్పు చేసినావో చెప్పు, కొట్టనులే" అంటే ఏ పిల్లవాడు దగ్గరికి వస్తాడు? మన సంఘంలోని పంతుళ్లకు ఈ సంగతి నాకంటే బాగా తెలుసు.

ఎఫ్.ఏ.ఏ. పెద్దలు ఈ చిక్కును గ్రహించారు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో తెలివైన పని ఇదే. ఉత్తరాలు అందుకొనే పనిని తమ చేతుల్లోంచి తీసి నాసాకు అప్పగించారు. రాకెట్లు పంపే నాసాకు పైలటు లైసెన్సు రద్దు చేసే అధికారం లేదు, మెమో ఇచ్చే అధికారం అసలే లేదు. వినడం తప్ప శిక్షించడం చేతకాని చెవి అది. చార్లెస్ బిల్లింగ్స్ అనే వైద్యుడు, తానూ పైలటే, నాసాలో కూర్చొని ఈ ఏర్పాటుకు రూపం ఇచ్చాడు. 1976 ఏప్రిల్‌లో ఉత్తరాలు తీసుకోవడం మొదలైంది.

ఆ ఫారం గురించి కొంచెం చెప్పాలి. పై భాగంలో ఒక పట్టీ ఉంటుంది. పేరు, చిరునామా, ఫోను అందులో రాయాలి. కింద జరిగిన సంగతి రాయాలి. ఉత్తరం అందాక చదివేవారికి సందేహం ఉంటే ఫోను చేసి అడుగుతారు. తర్వాత ఆ పట్టీ చించి, తేదీ ముద్ర వేసి, రాసినవాడికే తిప్పి పంపిస్తారు. నాసా దగ్గర పేరు మిగలదు. పేరున్న ముక్క రాసినవాడి బీరువాలో ఉంటుంది, పాఠం అందరికీ చేరుతుంది. పదిరోజుల్లోపు రాసి ఉండి, చేసింది కావాలని చేసినది కాకపోతే, రేపు ఎఫ్.ఏ.ఏ.వారు అదే సంగతి వేరే దారిలో పట్టుకున్నా, ఆ చిరిగిన ముక్క చూపిస్తే జరిమానా గాని, లైసెన్సు సస్పెన్షను గాని మాఫీ అవుతాయి. ఆకాశరామన్నకూ ఈ పద్ధతికీ తేడా ఇక్కడే ఉంది. ఆకాశరామన్న తన పేరు దాచి ఎదుటివాడి పేరు రాస్తాడు. తిరిగి అడగడానికి మనిషి దొరకడు. ఇక్కడ మనిషి దొరుకుతాడు, అడగవలసింది అడిగిన తర్వాతే పేరు తుడిచేస్తారు.

మరో సంగతి మన సంచికకు తగినది. నాసాలో ఆ ఉత్తరాలు చదివేవారిలో ఎక్కువమంది రిటైరైన పైలట్లు, కంట్రోలర్లు, మెకానిక్కులే. ముప్పై ఏళ్లు ఆ పని చేసినవాడికి గాని, రాసినవాడు రాయకుండా మింగిన ముక్క ఏదో అర్థం కాదు. 1979 నుంచి ఆ ఉత్తరాల్లోని ముఖ్యమైనవి చిన్న పత్రికగా నెలనెలా అచ్చవుతున్నాయి. ఇప్పటికి లక్షల కొద్దీ ఉత్తరాలు చేరాయి. 1982లో బ్రిటన్‌వారూ ఇలాంటిది పెట్టుకున్నారు. తర్వాత మరికొన్ని దేశాలు.

ఇదే విషయం చెబితే మన సంఘంలోని ఒక హెడ్మాస్టరు మిత్రుడు, "తప్పు ఒప్పుకున్నవాణ్ణల్లా వదిలేస్తే ఇంక క్రమశిక్షణ ఏముంటుందండీ?" అన్నారు. వదిలేది అందరినీ కాదు. తాగి నడిపినవాడు, తెలిసి నిబంధన మీరినవాడు, నేరం చేసినవాడు ఈ గొడుగు కిందికి రారు. ప్రమాదం జరిగిపోయాక రాసేదానికీ ఇది వర్తించదు. చేయి జారినవాడికి, మాట తప్పుగా విన్నవాడికి మాత్రమే. అటువంటివాణ్ణి శిక్షిస్తే మరుసటి వాడి చేయి జారకుండా ఉండదు, నోరు మాత్రం మూసుకుంటుంది.

అమెరికాలో చిన్న విమానాల యజమానులకు, మెకానిక్కులకు మరో దారి కూడా ఉండేది. విమానంలో ఏ భాగమైనా పగిలినా, అరిగినా, లోపంగా తోచినా ఒక చిన్న కార్డు మీద రాసి ఎఫ్.ఏ.ఏ.కి పోస్టు చేసేవారు. తప్పనిసరి కాదు, ఇష్టం. అలా వచ్చినవాటిని ఏరి హెచ్చరికల పుస్తకాలుగా అచ్చువేసేవారు. మా షెడ్డులోని టెక్నికల్ లైబ్రరీకి అవి ఆలస్యంగానైనా వచ్చేవి. 1980లలో రాత్రి డ్యూటీల్లో నేను వాటిని నవలల్లా చదివేవాణ్ణి. ఫలానా మోడలు, ఇన్ని గంటలు తిరిగింది, ఫలానా బ్రాకెట్టుకు బీట కనిపించింది, మీ విమానంలోనూ చూసుకోండి. ఇంతే ఉండేది. ఎక్కడో మనం పేరు కూడా వినని ఊళ్లో ఒక మెకానిక్కు తన షెడ్డులో చూసినదాన్ని, ఎన్నడూ ముఖం చూడని నా కోసం రాసి పెట్టాడు. చదువుతుంటే సంతోషం కంటే ఛాతీ మీద బరువు పెట్టినట్టుండేది. ఆ కారణం ఇంతవరకు ఇంట్లో కూడా చెప్పలేదు.

1979 వానాకాలం. నేను పనిచేసే చోటు ఏదన్నది అనవసరం. రెండు ఇంజన్ల చిన్న విమానం ఒకటి తనిఖీకి వచ్చింది. సీటు వెనక నేలపలక తీసి, తోకవైపు వెళ్లే కంట్రోలు కేబుళ్ల బిగువు సరిచూడటం ఆ రాత్రి నా పని. పలక కింద చట్రంలో, బరువు తగ్గడానికి తయారీదారులు కోసిన గుండ్రటి కంత ఒకటి ఉండేది. స్టోరులో ఇత్తడి బిళ్ల ఇచ్చి పనిముట్టు తీసుకోవాలి, తిరిగిచ్చి బిళ్ల తీసుకోవాలి. తెల్లవారి ఆరింటికి లెక్క చూసుకుంటే ఏడు బై పదహారు స్పానరు లేదు. పరుగెత్తి చూస్తే విమానం అప్పటికే బయటికి తోసేశారు, కాసేపట్లో ఎగిరిపోయింది.

అప్పుడు నోరు తెరిచి ఉంటే విమానాన్ని వెనక్కి పిలిచేవారు. నాకు ఛార్జి మెమో వచ్చేది, బహుశా ఇంక్రిమెంటు పోయేది. పెళ్లై ఏడాది. నేను స్టోరు కీపరుతో "బల్ల మీద మరిచినాను, సాయంత్రం తెస్తా" అన్నాను. నేరుగా ఎస్.పి. రోడ్డుకు వెళ్లి అచ్చం అలాంటి స్పానరు కొన్నాను. దాని మీద నంబరు కూడా కొట్టించాను. సాయంత్రానికి బోర్డు మీద ఎర్రరంగుతో గీసిన ఆకారంలో అది చక్కగా ఇమిడిపోయింది.

నలభై రోజులు ఆ విమానం ఎప్పుడు లేచినా నేను షెడ్డులోంచి బయటికి వచ్చి, కనుమరుగయ్యేదాకా చూసేవాణ్ణి. మళ్లీ తనిఖీకి వచ్చినప్పుడు ఆ పలక తీసింది పెనుకొండ వైపు నుంచి వచ్చిన మా సీనియర్. మధ్యాహ్నం నన్ను పక్కకు పిలిచాడు.

"ఒరేయ్ నల్లమాడోడా, ఈ నంబరు స్పానరు స్టోరులో తగిలించుండాది కదరా. రెండెట్లయినాయి?"

"పొరపాటైందన్నా."

"యాడుండిందో తెల్సునా? కేబులుకు జానెడు దూరంలో. ఆ కంతలోనించి జారింది. సరే, జేబులో పెట్టుకో. నోరు తెరిస్తే ఇద్దరికీ మెమో."

ఆయన నన్ను కాపాడాననుకున్నాడు. నేనూ అలాగే అనుకొని దండం పెట్టాను. ఆ కంత గురించి ఇద్దరమూ ఒక్క ముక్క ఎక్కడా రాయలేదు.

1981లో అదే రకం మరో విమానంలో, అదే పలక కింద పనిచేస్తున్న ఒక హెల్పరు చేతిలోంచి టార్చి జారి అదే కంతలో పడింది. కుర్రవాడికి తెలియనే తెలియదు. దేవుడి దయ, లేచే ముందు పైలటు రివాజుగా చేతిచక్రం అటూ ఇటూ తిప్పి చూసినప్పుడు అది ఒకచోట పట్టేసింది. ఎగరలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఎంక్వయిరీ పెట్టారు. టార్చి ఎవరిది అన్న ప్రశ్న చుట్టూనే మూడు రోజులు నడిచింది. టార్చి ఎందులోంచి జారింది అన్నది ఎవరికీ పట్టలేదు. అందరినీ పిలిచినట్టే నన్నూ పిలిచారు. "ఇంతకుముందు ఎప్పుడైనా ఇట్లా జరిగిందా?" అన్నారు. "లేదు సార్" అన్నాను. ఆ కుర్రవాడు చిత్తూరు జిల్లావాడు, ఇంకా పర్మనెంటు కాలేదు. వారంలోపు పంపించేశారు. తర్వాత అతను ఏమయ్యాడో నాకు తెలియదు.

ఆ కంతకు మూత రాలేదు. ఆ పని నాకు పడినప్పుడల్లా కంతలో గుడ్డ కుక్కేవాణ్ణి. ఎందుకని పక్కవాడు అడిగితే చలిగాలి వస్తుందనేవాణ్ణి. అందుకే ఆ అమెరికా హెచ్చరికల పుస్తకాలు చదువుతుంటే బరువుగా ఉండేది. యునైటెడ్ కంపెనీ కనీసం తనవారికైనా చెప్పింది.

1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో దిగబోతున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ-320, రన్‌వేకు ముందే గోల్ఫ్ మైదానంలో పడింది. అప్పుడు నేను బెంగళూరులోనే ఉన్నాను. అక్కడ పోయింది 92 మంది. మౌంట్ వెదర్ మీద పోయినదీ అంతే. అంకెలకు అర్థం లేదని తెలుసు, అయినా మనసులో నుంచి పోదు.

ఇక మన దేశం సంగతి. ఆర్టీసీ మిత్రులకు తెలిసినట్టు, బండి డిపోకు చేరాక బ్రేకు పడటం లేదని డ్రైవరు పుస్తకంలో రాస్తాడు. అటువంటివి విమానాల్లో ఎప్పటి నుంచో తప్పనిసరి. పెద్ద లోపాలను కంపెనీలు డి.జి.సి.ఏ.కి తెలపాలి. నేను చెబుతున్నది తప్పనిసరి కానివాటి గురించి. 2012లో ప్రమాదాల దర్యాప్తును డి.జి.సి.ఏ. నుంచి తీసి వేరే బ్యూరోకు ఇచ్చారు, మంచిదైంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2013లో భద్రత కోసమే ప్రత్యేకంగా తెచ్చిన 19వ అనుబంధంలో, ప్రతి దేశమూ శిక్ష భయం లేని స్వచ్ఛంద నివేదికల ఏర్పాటు పెట్టుకోవాలని ఉంది. మన దగ్గరా ఉంది. పేరు గోప్యంగా ఉంచుతామని హామీ కూడా ఉంది. కాని ఆ ఉత్తరం చేరేది డి.జి.సి.ఏ.కే. లైసెన్సు సస్పెండు చేసే కార్యాలయమూ అదే. అమెరికావారు 1975లో ఏ మెట్టు మీద తడబడ్డారో, మనం ఇంకా ఆ మెట్టు మీదే నిలబడి ఉన్నామని నా అభిప్రాయం.

చెప్పినవారు లేక కాదు. చెన్నైకి చెందిన కెప్టెన్ మోహన్ రంగనాథన్, మంగుళూరు దుర్ఘటన (2010 మే 22, 158 మంది మృతి) తర్వాత ప్రభుత్వం వేసిన భద్రతా సలహా సంఘంలో సభ్యుడిగా ఉండేవారు. 2011 జూన్‌లో ఆయన కోళికోడ్ రన్‌వే గురించి లేఖ రాశారు. వానలో, వెనకగాలితో, 10వ నంబరు వైపు నుంచి దిగడం ప్రమాదకరమని. 2020 ఆగస్టు 7 రాత్రి వానలో, వెనకగాలితో, 10వ నంబరు వైపు నుంచే దిగిన విమానం చివర ఆగక లోయలోకి జారి ముక్కలైంది. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది పోయారు. లేఖ మీద పేరుంది, తేదీ ఉంది, విషయం ఉంది.

2025 జూన్ 12న అహ్మదాబాదులో లేచిన అరనిమిషానికే కూలి, నేల మీదివారితో కలిపి 260 మందిని పొట్టన పెట్టుకున్న ఏఐ-171 గురించి అందరూ చదివే ఉంటారు. ప్రాథమిక నివేదికలో నా కళ్లు ఒకచోట ఆగిపోయాయి. ఇంజన్లకు ఇంధనం ఆపే స్విచ్చిలు పొరపాటున కదలకుండా ఒక తాళం ఏర్పాటు ఉంటుంది. కొన్ని బోయింగ్ 737 విమానాల్లో ఆ తాళం పట్టకుండానే స్విచ్చిలు బిగించి ఉన్నాయని, నడిపే కంపెనీలు తెలియజేయగా, 2018 డిసెంబరులో ఎఫ్.ఏ.ఏ. ఒక సూచన పంపింది. అలాంటి స్విచ్చిలే ఉన్న ఇతర మోడళ్లలోనూ చూసుకోమంది. అది సలహా మాత్రమే, ఆజ్ఞ కాదు కాబట్టి ఆ తనిఖీ చేయలేదని కంపెనీ దర్యాప్తువారికి చెప్పింది. ప్రమాదానికీ ఆ తాళానికీ సంబంధం ఉందని నివేదిక అనలేదు, నేనూ అనను. కూలిన నెల తర్వాత డి.జి.సి.ఏ. అందరినీ ఆ స్విచ్చిలు చూసుకోమని ఆజ్ఞ ఇచ్చింది. ఎక్కడో ఒక మెకానిక్కు చూసి రాసిన ముక్క ఆరున్నరేళ్లు సలహాగానే పడి ఉంది.

పెద్ద కంపెనీలకు భద్రత చూసే విభాగాలైనా ఉంటాయి. ఒకటి రెండు విమానాలున్న యజమాని దగ్గర పైలటు, ఇంజనీరు, యజమాని ఒకే గదిలో టీ తాగుతారు. అక్కడ నా తప్పు ఇది అని రాస్తే ఎవరు రాశారో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. మన తెలుగువారిని ఎక్కువగా ఏడిపించినవి ఈ చిన్నవే. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు బాలయోగిగారు కైకలూరు దగ్గర హెలికాప్టరులో పోయారు. 2004 ఏప్రిల్ 17న సౌందర్య ఎక్కిన చిన్న విమానం జక్కూరులో లేచిన కాసేపటికే కూలింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారు, మరి నలుగురు నల్లమలలో పోయారు. ఆ హెలికాప్టరు దర్యాప్తులో, గేరుపెట్టె ఆయిలు ఒత్తిడి గురించి ఒక హెచ్చరిక దీపం వెలిగిందని, దాని సంగతేమిటో తెలుసుకోవడానికి పైలట్లు ఆరు నిమిషాలకు పైగా పుస్తకం వెతికారని ఉంది. ఆ లోపు ఉరుముల మబ్బులోకి వెళ్లిపోయారు. కూల్చింది మబ్బులోని గాలే అని నివేదిక తేల్చింది. మరమ్మతు పని చేసినవాడికి మాత్రం చూపు ఆ దీపం మీదే ఆగుతుంది.

రైల్వే మిత్రులు ఈ వ్యాసం చదివి, మా సంగతి రాయలేదేమని అడుగుతారు. 2012 మే 22 తెల్లవారుజామున పెనుకొండలో హంపీ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సును గుద్దుకున్నప్పుడు పాతిక మంది పోయారు. మరుసటి ఏడాది డిసెంబరు 28న కొత్తచెరువు దగ్గర నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీ కాలి 26 మంది. రెండూ మన కళ్లముందు జరిగినవే. ఎర్ర సిగ్నలు కొంచెం దాటి ఆగిన డ్రైవరు, ఎవరూ చూడకపోతే, తానుగా వచ్చి చెబితే ఉద్యోగం ఏమవుతుందో మీకే తెలుసు. మన సంఘం సమావేశంలో ఒకసారి దీని మీద కూర్చొని మాట్లాడుకుందాం. ఇప్పుడు మనకు భయమేముంది?

ఆ మాటకొస్తే, నా స్పానరు సంగతికి పెన్షను కోస్తారేమో అని మా ఇంటావిడ బెంగపడింది. నాలుగేళ్లు దాటినదానికి కొత్తగా చర్య మొదలుపెట్టరాదని సంఘం కార్యదర్శిగారు రూలు చూపించాక నెమ్మదించింది. అయినా జాగ్రత్త కోసం ఈ వ్యాసం మొదటి కాగితం పైభాగాన నా పేరు, చిరునామా, ఫోను నంబరు విడిగా ఒక పట్టీలా గీసి రాశాను. సంపాదకులకు సందేహాలుంటే ఫోను చేయవచ్చు. అడగవలసింది అడిగాక, ఆ ముక్క చించి నాకు తిప్పి పంపవలసిందిగా ప్రార్థన.